మోకాలి పద్దు

నా ఎడమ మోకాలి మార్పిడి ఆపరేషను అమావాస్య నాడు జరిగింది. కావాలనే ఆ రోజు పెట్టించుకున్నాను.

డాక్టరుగారు మూడు తేదీలు చెప్పారు. అందులో ఒకటి అమావాస్య. మా బావమరిది హైదరాబాదు నుంచి ఫోను చేసి, "రెండు రోజులు ఆగితే కొంపలేం మునగవు కదా బావా" అన్నాడు. మా వదిన కొరియర్లో ఒక తాయెత్తు పంపింది. నేను ముప్ఫై ఏళ్ళకు పైగా హేతువాద సంఘం సభ్యుణ్ణి. తాయెత్తుల మీద, ముహూర్తాల మీద ఉపన్యాసాలు ఇచ్చినవాణ్ణి. ఇంత మంచి అవకాశం ఎలా వదులుకుంటాను? తాయెత్తుని సొరుగులో పడేసి, అమావాస్యే ఖాయం చేశాను. ఆపరేషను చక్కగా జరిగింది. మర్నాడే వాకరు పట్టుకుని నిలబడ్డాను. ఫోను చేసిన ప్రతి బంధువుకీ, "అమావాస్య నాడే చేయించుకున్నాను, చూశారా?" అని చెప్పాను.

ఆరు వారాల తర్వాత నా మోకాలు 65 డిగ్రీలు వంగింది. అంతే. కుర్చీలోంచి సుఖంగా లేవాలంటే 90కి పైగా వంగాలి. పైగా కాలు పూర్తిగా చాపితే 15 డిగ్రీలు తక్కువగా ఆగిపోతోంది. అంటే అటు వంగదు, ఇటు చాచుకోదు.

బంధువులు ఏమన్నారో చెప్పక్కర్లేదు. "మేం ముందే చెప్పాం."

అమావాస్యకీ నా మోకాలికీ సంబంధం లేదు. అది రాయడానికి ఈ వ్యాసం అక్కర్లేదు. మరి దేనికి సంబంధం ఉంది అన్నది నాకు సిగ్గుగా ఉన్నా రాయాల్సిన విషయం.

* * *

నేను రక్షణ శాఖ లెక్కల విభాగంలో పనిచేసి 2017లో రిటైరయ్యాను. చదివింది బీకాం. మా అబ్బాయి సూరత్ దగ్గర హజీరాలో ఉద్యోగం చేస్తాడు. తపతి నది సముద్రంలో కలిసేచోట ఒకవైపు ఎరువుల ఫ్యాక్టరీ, ఒకవైపు గ్యాస్, ఒకవైపు ఉక్కు, మధ్యలో టౌన్‌షిప్పులు. మేమిద్దరం వాడి దగ్గరే ఉంటున్నాం. సూరత్ ఊళ్ళో, ఉధనా, లింబాయత్ వైపు, తెలంగాణ నుంచి మగ్గాల పనికి వచ్చి స్థిరపడ్డ మనవాళ్ళు చాలామంది ఉన్నారు. మునిసిపాలిటీ వాళ్ళు తెలుగు మీడియం బడులు కూడా నడుపుతున్నారు. కాబట్టి తెలుగు మాటకీ, తెలుగు సలహాకీ ఇక్కడ కరువు లేదు.

సలహాలు ఎలా ఉంటాయో చూడండి. హజీరా గురించి పాత పర్యాటక పుస్తకాల్లో ఒక మాట ఉంటుంది: ఇక్కడి బావుల నీళ్ళలో ఇనుము, గంధకం ఉన్నాయని, అవి ఆరోగ్యానికి మంచివని. దాన్ని పట్టుకుని పక్కింటాయన ఆపరేషనైన మూడో వారంలో "ఆ నీళ్ళు తెప్పించి కాలు నానబెట్టండి" అన్నాడు. గాయం పూర్తిగా మానకుండా ఏ నీళ్ళలో నానబెట్టినా సూక్ష్మజీవులు లోపలికి పోయే ప్రమాదం ఉంది. పెట్టిన లోహం దాకా చీము చేరితే ఒక్కోసారి కీలునే తీసి మళ్ళీ పెట్టాల్సి వస్తుంది. ఆయనకి ఈ సంగతంతా వివరంగా చెప్పి పంపాను. అలా పరుల మూఢనమ్మకాలు ఎప్పటికప్పుడు ఖండిస్తూనే ఉన్నాను. మోకాలు మాత్రం బిగుసుకుపోతూనే ఉంది.

ఎందుకంటే ఆ ఆరు వారాలూ నేను చేసిన పని ఇది. మోకాలి కింద మెత్తటి దిండు పెట్టుకుని పడుకున్నాను. హాయిగా ఉండేది. ఆసుపత్రిలో ఇచ్చిన కాగితంలో "మోకాలి కింద దిండు పెట్టవద్దు" అని రాసి ఉంది. నేను చదవలేదు. జీవితమంతా కాగితాలు చదివి జీతం తీసుకున్నవాణ్ణి, నా కాగితం చదవలేదు. ఫిజియోథెరపిస్టు అమ్మాయి వారానికి రెండుసార్లు వచ్చేది. ఆమె ఉన్న అరగంటా మూలుగుతూ చేసేవాణ్ణి. వెళ్ళాక మళ్ళీ దిండు.

దానికి తోడు మా అబ్బాయి ఒక మిషను అద్దెకి తెచ్చాడు. కాలు అందులో పెట్టి పడుకుంటే అదే మెల్లగా వంచుతుంది, అదే చాపుతుంది. నాకు చాలా నచ్చింది. పేపరు చదువుకుంటూ వ్యాయామం! తర్వాత తెలిసింది, ఈ మిషన్ల మీద జరిగిన పరీక్షలన్నిటినీ కలిపి కాక్రేన్ సంస్థ 2014లో సమీక్షించిందని. మామూలు వ్యాయామాలకి తోడుగా మిషను వాడితే అదనంగా వచ్చే వంపు రెండు డిగ్రీలు. పనికొచ్చేంత తేడా కాదు. మరి వ్యాయామాలే మానేసి మిషను మీద పడుకున్నవాడి సంగతి చెప్పాలా?

ఆరో వారం కొలత చూసి ఫిజియో అమ్మాయి హిందీలో అన్న మాట ఇది: "కాకా, డాక్టరుగారి పని గంటన్నరలో అయిపోయింది. మీ పని మీరింకా మొదలుపెట్టలేదు."

డాక్టరుగారు ఇంకా సూటిగా చెప్పారు. ఇలాగే ఉంటే మత్తు ఇచ్చి మోకాలిని బలవంతంగా వంచాలి. ఆలస్యమైతే లోపల మచ్చకణజాలం గట్టిపడిపోతుంది, అప్పుడు అదీ కష్టమే. మూడు వారాలు చూద్దాం అన్నారు.

* * *

ఆ రాత్రి మా ఆవిడ ఏమీ అనలేదు. బీరువాలోంచి 2022 నాటి గుజరాతీ కేలండరు తెచ్చి నా మంచం మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఆ ఏడాది ఆమె స్నానాలగదిలో జారిపడింది. కుడి తుంటి దగ్గర తొడ ఎముక మెడ విరిగింది. తుంటి కీలు మార్చారు. వెనక వైపు నుంచి చేసిన ఆపరేషను కాబట్టి జాగ్రత్తలు ఎక్కువ. తుంటి 90 డిగ్రీలకి మించి వంగకూడదు. కాలు మీద కాలు వేసుకోకూడదు. పడుకుంటే కాళ్ళ మధ్య దిండు ఉండాలి. లేకపోతే కొత్త కీలు గూడులోంచి జారిపోవచ్చు. అంటే మూడు నెలలు పీట లేదు, నేల లేదు, ముగ్గు లేదు. పూజ నేల మీద కూర్చునే చెయ్యాలని మా వదిన పట్టుబట్టింది. మా ఆవిడ దేవుడి పటాల్ని బల్ల మీదికి ఎక్కించి, ఎత్తు కుర్చీలో కూర్చుని పూజ చేసుకుంది. "నేను కిందికి రాలేనని ఆయనకి తెలీదా?" అంది. అంతటితో ఆ సమస్య తీరింది.

కేలండరులో ప్రతి తేదీ గడిలోనూ పెన్సిలు గీతలు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఆమె జపమాల తిప్పుతూ, ఒక్కో పూసకి ఒకసారి పాదం కిందికీ పైకీ ఆడించేది. పిక్కల్లో రక్తం గడ్డకట్టకుండా చేసే వ్యాయామం అది. తర్వాత పిరుదుల కండరం బిగించి వదలడం, మడమ జరపడం, నిలబడి కాలు పక్కకి ఎత్తడం. మూడు నెలల్లో గీత లేని రోజులు నాలుగే. నేను లెక్కపెట్టాను.

ఆ రోజుల్లో ఆమెని వెక్కిరించినవాణ్ణి నేనే. "జపంతో తుంటి బాగవుతుందా?" అని. ఆమె నాలుగో నెలలో కర్ర పక్కన పెట్టేసింది.

* * *

ఇక్కడ కాస్త ఆగి, మనలాంటివాళ్ళు ఎక్కడ మోసపోతామో చెప్పాలి.

మోకాలి మార్పిడి అంటే మోకాలు మొత్తం తీసెయ్యడం కాదు. అరిగిన ఎముకల చివళ్ళు పల్చగా కోసి, లోహపు తొడుగులు వేసి, మధ్యలో పాలిథిలీన్ పలక పెడతారు. దాన్ని ఆడించే కండరాలు పాతవే. అవి అప్పటికే ఏళ్ళ తరబడి నొప్పితో కుంటి కుంటి బలహీనపడి ఉంటాయి. ఆపరేషను దెబ్బకి, వాపుకి, తొడ ముందు కండరం ఇంకా పడుకుండిపోతుంది. ఆపరేషనైన నెలకి ఆ కండరం బలం ముందున్నదాంట్లో సగం కన్నా ఎక్కువ తగ్గిపోతుందని కొలిచి చూశారు. దాన్ని మళ్ళీ లేపేది వ్యాయామమే. లోహం లేపదు.

ఈ సంగతి నాకు తెలియనిది కాదు. కాని మనసులో మాత్రం "ఇంత పెద్ద ఆపరేషను అయింది, ఇక బాగైపోతుంది" అనుకున్నాను. తాయెత్తు కట్టుకున్నవాడు కూడా ఇదే అనుకుంటాడు. కట్టించుకున్నాను, ఇక అదే చూసుకుంటుంది అని. నాది దారం బదులు కోబాల్ట్ క్రోమియం, అంతే తేడా.

ఆపరేషను అనే మాటకే ఎంత మహిమ ఉందో తెలుసుకోవాలంటే 2002లో అమెరికాలోని హ్యూస్టన్‌లో జరిగిన పరీక్ష చూడండి. మోకాళ్ళు అరిగిన 180 మందిని తీసుకున్నారు. కొందరికి గొట్టం పెట్టి లోపల శుభ్రం చేసే ఆపరేషను చేశారు. కొందరికి చర్మం మీద గాట్లు మాత్రం పెట్టి కుట్టేశారు. రెండేళ్ళు చూస్తే ఇద్దరి మధ్యా తేడా లేదు. 2006లో గ్లూకోసమిన్, కాండ్రాయిటిన్ మాత్రల మీద 1,583 మందితో పరీక్ష జరిగింది. ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్ళలోనే 60 శాతం మందికి నొప్పి తగ్గింది! అసలు మాత్రలు మొత్తం మీద దాన్ని మించలేకపోయాయి. ఆ మాత్రలు నేను రెండేళ్ళు కొన్నాను. అదీ రాసుకోండి.

అలాగని మార్పిడి ఆపరేషను కూడా ఉత్తుత్తిదే అనుకోకూడదు. డెన్మార్కులో 100 మందితో చేసి 2015లో ప్రచురించిన పరీక్షలో, వ్యాయామం మొదలైన చికిత్సలు ఒక్కటే చేసినవాళ్ళ కన్నా, ఆపరేషను కూడా చేయించుకుని అవన్నీ చేసినవాళ్ళు బాగా కోలుకున్నారు. గమనించండి, ఆపరేషను అయినవాళ్ళు కూడా వ్యాయామాలు చేశారు.

ఇంకో మాట. ఈ కీళ్ళ మార్పిడికి దారి వేసినవాడు జాన్ చార్న్లీ అనే ఇంగ్లీషు డాక్టరు. ఆయన మొదట తుంటి గూటికి టెఫ్లాన్ వాడాడు. సుమారు 300 మందికి అమర్చాక అది త్వరగా అరిగిపోతోందని, ఆ పొడి ఒంటికి పడడం లేదని తేలింది. ఆయన దాచలేదు. ఆ పొడిని తన తొడలోకే ఎక్కించుకుని ఏమవుతుందో చూశాడు. టెఫ్లాన్ మానేసి 1962లో గట్టి పాలిథిలీన్‌కి మారాడు. ఈనాటికీ ఆ పద్ధతే పునాది. పొరపాటుని ముందు తన పద్దులో రాసుకున్నవాడే దిద్దుకుంటాడు.

* * *

మర్నాడు ఒక రిజిస్టరు తెరిచాను. చేతనైన విద్య అదొక్కటే కదా.

గడులు ఇవి: తేదీ, వంపు ఎన్ని డిగ్రీలు, చాపితే ఎంత లోటు, నొప్పి పదికి ఎంత, కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి తిరిగొచ్చి కూర్చోడానికి ఎన్ని సెకన్లు. ఈ చివరి పరీక్ష ముసలివాళ్ళ నడకని కొలవడానికి 1991 నుంచి వాడుకలో ఉంది. వాచీ తప్ప ఖర్చు లేదు. ఫిజియో అమ్మాయి ప్లాస్టిక్ కోణమానిని ఇచ్చింది. ప్రతి ఆదివారం పొద్దున మా అబ్బాయి కొలిచేవాడు. కొలిచేవాడు మారితే నాలుగైదు డిగ్రీలు అటూ ఇటూ అవుతాయి, అందుకని ఎప్పుడూ వాడే.

మొదటి పద్దు: 65, లోటు 15, నొప్పి 6, సెకన్లు 31.

దిండు మోకాలి కింద నుంచి మడమ కిందికి మారింది. మోకాలు గాల్లో ఉండి, దాని బరువుకి అదే చాచుకుంటుంది. పది నిమిషాలు. నరకం. డాక్టరు రాసిన నొప్పి మాత్ర వ్యాయామానికి అరగంట ముందు వేసుకున్నాను. అంతకు ముందు "మాత్రలకి అలవాటు పడకూడదు" అని వేసుకోకుండా, నొప్పి అని వ్యాయామం మానేవాణ్ణి. తొడ కండరం బిగించి అయిదు లెక్కపెట్టడం. మడమ వెనక్కి జరపడం. కుర్చీలో కూర్చుని, మంచి కాలితో చెడ్డ కాలిని వెనక్కి నొక్కడం. రోజుకి నాలుగుసార్లు, తర్వాత అయిదు నిమిషాలు ఐసు. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు చెడ్డ కాలు ముందు. కర్ర కుడి చేతిలో. నొప్పి ఉన్న వైపే కర్ర పట్టుకోవాలని చాలామంది అనుకుంటారు. తప్పు. ఎదుటి చేతిలో ఉంటేనే ఆ కాలి మీద పడే బరువు తగ్గుతుంది. తుంటి విషయంలో ఇది మరీ ముఖ్యం. ఒంటి కాలి మీద నిలబడితే తుంటి కీలు మీద పడేది మన బరువుకి రెండున్నర, మూడు రెట్లు.

ఆదివారాల లెక్క: 70, 78, 84. మూడో వారం డాక్టరుగారు చూసి, మత్తు ఇచ్చి వంచే పని లేదన్నారు. నాలుగో ఆదివారం 82. అప్పుడు ఎంత బెంగపడ్డానో చెప్పలేను. కొలతలో ఆ మాత్రం తేడా మామూలేనని రిజిస్టరు మొదటి పేజీలో నేనే రాసుకున్నాను. అయినా ఆ రోజు ఎవరైనా వచ్చి "ఈ లేపనం రాస్తే తగ్గుతుంది" అంటే రాసేవాణ్ణేమో. మనిషి ఏ క్షణంలో తాయెత్తు వైపు చెయ్యి చాస్తాడో నాకు అప్పుడు అర్థమైంది. ఉపన్యాసాలిచ్చిన ముప్ఫై ఏళ్ళలో అర్థం కాలేదు.

* * *

డబ్బు లెక్క కూడా చెబుతాను, అదీ మన పనే. 2017 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం మోకాలి పరికరాల ధరలకి గరిష్ఠ పరిమితి పెట్టింది. ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం రకం అంతకు ముందు సగటున 1,58,324 రూపాయలు ఉండేది. దాన్ని జీఎస్టీ కాకుండా 54,720కి తెచ్చారు. మంచి పని. కాని నా ఆసుపత్రి బిల్లులో ఎన్ని వరసలు ఉన్నాయో! పరికరం స్టిక్కరుతో సహా. ఫిజియోథెరపీ అన్నచోట మాత్రం రెండు సిట్టింగులు. ఆ తర్వాత సంగతి ఇంటివాళ్ళది.

హజీరాలోనే ఎల్ అండ్ టీ ఫ్యాక్టరీలో సైన్యానికి కే9 వజ్ర శతఘ్నులు తయారవుతాయి. మొదటి 100 శతఘ్నుల ఒప్పందం నేను రిటైరైన 2017లోనే కుదిరింది. ఆయుధం కొని, నిర్వహణకి పద్దు పెట్టకపోతే మా ఆఫీసులో అభ్యంతరం రాసి ఫైలు వెనక్కి పంపేవాళ్ళం. నా మోకాలి ఫైలు మాత్రం నేనే పాస్ చేసేశాను.

ఖరీదైన పునరావాస కేంద్రంలో చేరితేనే బాగవుతుందన్న భయం కూడా అక్కర్లేదు. ఆస్ట్రేలియాలో 165 మందితో చేసి 2017లో ప్రచురించిన పరీక్షలో, పది రోజులు ఆసుపత్రిలో ఉండి పునరావాసం పొందినవాళ్ళూ, ఫిజియో పర్యవేక్షణలో ఇంట్లో వ్యాయామం చేసుకున్నవాళ్ళూ, ఆరు నెలల తర్వాత ఆరు నిమిషాల్లో నడిచిన దూరం ఇంచుమించు ఒకటే. మోకాలు సరిగా కుదిరి, వేరే చిక్కులు లేనివాళ్ళ సంగతి ఇది. ఇంట్లో చేసినా చెయ్యాలి, అదొక్కటే షరతు.

* * *

ఇక ఇంట్లో తగువు. మోకాలు బాగైంది. జమ ఎవరి ఖాతాలో?

మా వదిన ఖాతా: తాయెత్తు ఇంట్లో ఉంది కదా. మా ఆవిడ ఖాతా: రెండో వారం నుంచి రాత్రిళ్ళు తొడకి, పిక్కకి రాసిన నారాయణ తైలం, నా పేరు మీద చేసిన జపం. నా ఖాతా: వ్యాయామం.

నేను రిజిస్టరు తెచ్చాను. నూనె మొదలెట్టక ముందు వారమే అయిదు డిగ్రీలు పెరిగింది చూడు అన్నాను. ఆమె తాపీగా, "అయిదు డిగ్రీలు కొలతలో తేడా అని మొదటి పేజీలో మీరే రాశారు కదండీ" అంది.

నిజమే. నోరు మూసుకున్నాను. ఒక్క మోకాలితో ఏదీ రుజువు కాదు. నూనె రాయని రెండో మోకాలు నా దగ్గర లేదు. నూనె పనిచెయ్యలేదని నా పద్దు చెప్పలేదు, వ్యాయామమే పనిచేసిందని కూడా చెప్పలేదు. వ్యాయామం సంగతి నమ్ముతున్నది నా ఒక్కడి కాలు చూసి కాదు. వందలమందిని గుంపులు చేసి, పోల్చి, కొలిచినవాళ్ళ పని చూసి. నా పద్దు ఉపయోగం వేరే ఉంది. నేను చేస్తున్నానా, చేస్తున్నానని అనుకుంటున్నానా అన్నది అది చెబుతుంది.

జపం గురించి కూడా ఒక మాట ఒప్పుకోవాలి. ఆమె తుంటిని దేవుడు బాగుచేశాడని నేను ఇప్పటికీ అనను. కాని జపమాల ఆమెకి ఒక లెక్కా, ఒక వేళా ఇచ్చింది. నా హేతువాదం ఆ ఆరు వారాలూ నాకు ఇచ్చింది ఒక దిండు. తప్పు నమ్మకంతో సరైన పని చేసిన మనిషినీ, సరైన అభిప్రాయంతో ఏ పనీ చెయ్యని మనిషినీ పక్కపక్కన పెడితే, ఎవరు నడుస్తారో మా ఇంట్లో తేలిపోయింది. ఈ మాట ఆమెతో చెప్పడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఆమె, "సరే, కాలు చాపండి" అంది.

ఇప్పుడు నా మోకాలు 112 డిగ్రీలు వంగుతుంది. లోటు 3. సెకన్లు 11. నేల మీద కూర్చోలేను, కూర్చునే ఆశ కూడా పెట్టుకోలేదు. సాయంత్రం ఇద్దరం టౌన్‌షిప్పు గేటు దాకా నడిచి వస్తాం.

ఈ ఆపరేషనుకి వెళ్ళే మిత్రులకి నా సలహా ముహూర్తం గురించి కాదు. వెళ్ళే ముందే మూడు ప్రశ్నలు అడగండి: ఇంటికొచ్చాక రోజూ ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు, నెలకి ఎంత వంగాలి? జవాబులు కాగితం మీద తీసుకోండి. తీసుకుని చదవండి. పిక్క వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా, జ్వరం వచ్చినా, గాయం నుంచి నీరు కారినా వ్యాయామమనీ, పద్దనీ కూర్చోకుండా డాక్టరు దగ్గరికి పరుగెత్తండి.

రిజిస్టరు చివరి గడి పేరు 'రిమార్కులు'. మొదటి పేజీలో ఆ గడి చాలాకాలం ఖాళీగా ఉంది. మొన్న నింపాను. "అమావాస్య: సంబంధం లేదు. దిండు: సంబంధం ఉంది." కింద సంతకం పెట్టి తేదీ వేశాను.